గురువారం తాళం

మన అపార్టుమెంట్ల జిమ్ములో గోడకున్న బోర్డు పీకింది నేనే. దొంగతనంగా ఏమీ పీకలేదు. పొద్దున్న ఏడు గంటలకి, పదిమంది చూస్తుండగా, స్టూలెక్కి మరీ పీకాను. దాని మీద ఎర్ర అక్షరాలతో ‘విశ్రాంతి బలహీనులకే’ అని రాసి ఉంది. కింద చొక్కా లేని కుర్రాడి బొమ్మ. అసోసియేషన్ వాళ్లు నన్ను సంజాయిషీ అడుగుతూ కాగితం పంపారు. తెల్లాపూర్‌లో ఇన్ని మేడలు కట్టుకుని, ఒక రేకు బోర్డు పోయిందని లెటర్‌హెడ్ మీద కాగితం! సరే, అడిగారు కాబట్టి చెబుతాను. ఒక పేజీలో అవదు. ఓపిక ఉంటే చదవండి, లేకపోతే మీ ఖర్మ.

ఆ ముందురోజు నేను నార్సింగి వెళ్లాను. ఆదివారం మటన్ కోసం నేనెప్పుడూ అక్కడికే వెళతాను. తెల్లాపూర్‌లో మటన్ దొరక్క కాదు. ఆ కొట్టతనికి అక్కడ కుస్తీ నేర్పే ఉస్తాద్ సంగతులు తెలుసు. ‘ఎలా ఉన్నాడు’ అని నేను అడగడం, ‘మంచిగనే ఉన్నడు సార్’ అని అతను చెప్పడం, ఏళ్ల తరబడి మా మధ్య నడిచిన మాటలు ఇంతే. ఆ రోజు అడగకముందే కత్తి పక్కన పెట్టాడు.

"ఉస్తాద్ పోయిండు సార్. నెల దాటింది. రాత్రి పన్నోడు పన్నట్టే పోయిండు. ఎవ్వరినీ పరేషాన్ చెయ్యలే."

నిద్రలో పోయాడు. అతనికి అంతకంటే తగిన చావు లేదు. నేను మటన్ తీసుకోకుండా వచ్చేశాను. మర్నాడు జిమ్ముకి వెళితే, ఎదురుగా ఆ బోర్డు. అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాత జరిగింది మీకు తెలుసు.

తొంభైల చివర నేను పనిచేసిన ఆఫీసు మాదాపూర్‌లో ఉండేది. అప్పటికి అక్కడ మేడల కంటే బండలెక్కువ. రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేముందు ఒకతను ఎర్రజెండా పట్టుకుని ఈల వేస్తే, మేం అద్దాల కిటికీలకు దూరంగా జరిగి కూర్చునేవాళ్లం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయమే మాకు తిండి పెట్టింది. పాత ప్రోగ్రాముల్లో తేదీలు వెతికి దిద్దడం మా పని. ఎవరికీ వేళకి తిండి లేదు, వేళకి నిద్ర లేదు, అదొక గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆఫీసు చూడ్డానికి వచ్చిన తెల్లవాళ్లు మీకు జిమ్ము లేదా అని అడిగారట. నెల తిరక్కుండా సెల్లారులో జిమ్ము వెలిసింది. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. సెక్యూరిటీ కాంట్రాక్టరు తనకు తెలిసిన పహిల్వాన్ని పట్టుకొచ్చాడు.

అతనే ఉస్తాద్. నార్సింగిలో అతనికో తాలీం ఉండేది. తాలీం అంటే కుస్తీ నేర్పే చోటు, రేకుల కప్పు కింద ఎర్రమన్ను గుంట. తెల్లారకముందు అక్కడ పిల్లలకు కుస్తీ నేర్పి, సైకిల్ మీద గచ్చిబౌలి బండల మధ్య నుంచి మా ఆఫీసుకొచ్చేవాడు. యాభై దాటిన మనిషి. కుస్తీల్లో నలిగి నలిగి రెండు చెవులూ ముడుచుకుపోయి ఉండేవి. కంపెనీ ఇచ్చిన టీషర్టు అతని మెడ దగ్గర పట్టనని, పొట్ట దగ్గర చాలనని గోల పెట్టేది. మమ్మల్ని సార్ అని పిలవమని ఆఫీసువాళ్లు చెప్పారు. అలాగే పిలిచేవాడు, మాటకు ముందో వెనకో సార్ తగిలించి, మిగతాదంతా సొంత మనవళ్లతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

జిమ్ము తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఎవరొచ్చినా లేచేవాడు, సలాం చేసేవాడు, ఆ తర్వాత దారికి అడ్డంగా నిలబడేవాడు.

"రాత్రి ఎన్ని గంటలు పన్నవ్ సార్?"

ఆరుగంటల కంటే తక్కువ చెప్పారా, ఇక అంతే. "పోయి పండుకో. ఇనుము యాడికీ పోదు" అనేవాడు. దాంతో జనం అబద్ధాలు నేర్చారు. అతను అబద్ధాలతో వాదన పెట్టుకునేవాడు కాదు. బొటనవేలు పెట్టి కంటి కింద రెప్ప కిందికి లాగి చూసేవాడు. ఆ వేలు గరుగ్గా ఉండేది, నువ్వులనూనె వాసన వేసేది. "నోరు జూట్ చెప్తది గని కన్ను చెప్పది సార్" అని మనిషిని భుజాలు పట్టుకుని లిఫ్టు వైపు తిప్పేసేవాడు. దేశాలు తిరిగొచ్చిన మా ప్రాజెక్టు మేనేజర్ని వరసగా మూడు రోజులు అలా తిప్పి పంపాడు. మూడో రోజు ఆయన మొహం చూసి మేం నవ్వు ఆపుకోలేక మెట్ల కింద దూరాం. ఆయన మాత్రం ఆ మూడు రోజులూ మరిచిపోలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి జిమ్ములో ఎవరూ ఉండరు. అప్పుడు గోడకి వీపు ఆనించి, కాళ్లు చాపి, ఇరవై నిమిషాలు నిద్రపోయేవాడు. గురక లేదు, కదలిక లేదు. ఇరవై నిమిషాలు కాగానే ఎవరూ లేపకుండానే లేచి మొహం కడుక్కునేవాడు. స్టీలు డబ్బాలో నానబెట్టిన శెనగలుండేవి. ఒళ్లు దగ్గర పెట్టుకుని కసరత్తు చేసినవాడికి గుప్పెడు పెట్టేవాడు. నాకు ఎప్పుడూ పెట్టలేదు. నా తొందర అతనికి నచ్చేది కాదు.

"సగం నిద్ర, పావు తిండి, పావు కసరత్తు. గంతే లెక్క. మీరందరు ఆఖరి పావు పట్టుకొని ఉరుకుతున్రు" అనేవాడు.

ఆ శెనగలు ఎక్కువగా తిన్నవాడు ఓబులేసు. నా గదిలోవాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చాడు, మదీనాగూడలో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. వెదురు బద్దలా ఉండేవాడు. ఊళ్లో కుర్రాళ్లు ఊదితే ఎగిరిపోతావని ఏడిపించేవాళ్లట. అందుకని ఉస్తాద్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. పది బస్కీలంటే పదే తీసేవాడు, పదకొండోది తీసేవాడు కాదు. పడుకోమంటే, ఎంత పనున్నా దులిపేసుకుని పడుకునేవాడు. నాలుగు నెలల్లో వాడి చొక్కాలు వాడికి పట్టకుండా పోయాయి. "ఉస్తాద్ మంత్రం వేసినాడబ్బా" అని అద్దం ముందు నిలబడి చేతులు చూసుకునేవాడు. మంత్రం లేదు, మాయ లేదు. వాడు నిద్రపోయాడు, అంతే.

ఇక గురువారం. వారంలో ఆ ఒక్కరోజు జిమ్ముకి తాళం. తాలీంలో జుమ్మేరాత్ నాడు ఎవరూ కుస్తీ పట్టరు. గుంటలో మన్ను తవ్వి తిరగేసి, పసుపు, నూనె, మజ్జిగ పోసి కలిపి, మర్నాటిదాకా అడుగు పెట్టకుండా వదిలేస్తారు. అతని ఉస్తాద్ పెట్టిన పద్ధతి అది, ఆయనకి ఆయన ఉస్తాద్ పెట్టింది. మా సెల్లారులో మన్ను లేదు కదా, అందుకని ఆ రోజు లోపల గొళ్లెం పెట్టుకుని, గోనెపట్టా పరిచి, డంబెళ్లన్నీ దాని మీద వరసగా పడుకోబెట్టి, నూనెగుడ్డతో ఒక్కోదాన్నీ తుడిచేవాడు. ఆ పని అయ్యాక బయట తాళం వేసి వెళ్లేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. ఇనుముని జోకొడుతున్నాడనేవాళ్లం.

అప్పుడొచ్చింది వందరోజుల పందెం. మేనేజరు పెట్టాడు. ప్రతి టీములో ప్రతి మనిషీ వందరోజులు ఒక్కరోజు కూడా మానకుండా జిమ్ముకి రావాలి. ఎవరు ఒక్కరోజు తప్పినా ఆ టీము మొత్తానికీ లెక్క సున్నా నుంచి మొదలు. గెలిచినవాళ్లకి టీషర్టులు. "మన సర్వర్లు ఆగుతున్నాయా? మనమెందుకాగాలి?" అని మీటింగులో ఆయన అంటే చప్పట్లు కొట్టాం. నేను అందరికంటే గట్టిగా కొట్టాను. ఆరోగ్యానికి కూడా హాజరుపట్టీ పెట్టే బుద్ధి మా జాతికే పుడుతుంది. లిఫ్టు పక్కన గోడకి అంటించిన చార్టు గీసింది కూడా నేనే. పేర్లు అడ్డంగా, రోజులు నిలువుగా, వచ్చినవాడికి పచ్చ చుక్క. చాలా అందంగా వచ్చింది, వేళ్లు విరిగిపోనూ.

కానీ గురువారం తాళం ఉంటే వందరోజులు ఎలా అవుతాయి? ఆ వారమే నేను తగుదునమ్మా అని సెల్లారులోకి దిగాను. ఊచల తలుపు అవతల ఉస్తాద్ గోనెపట్టా మీద కూర్చుని ఇనుము తుడుస్తున్నాడు.

"ఈ ఒక్క వందరోజులూ గురువారం తెరవండి ఉస్తాద్. పందెం ఉంది" అన్నాను.

"ఏంది పందెం? ఎవరితోని?"

"మిగతా టీములతోనండీ. ఆగకుండా ఎవరు చేస్తారో చూడాలి."

అతను తుడవడం ఆపలేదు. "కసరత్తు చేసినప్పుడు కండ పెరుగుతదనుకుంటున్నవా? తెగుతది. పండుకున్నప్పుడు అతుకుతది. అతికినప్పుడే జర మందం అయితది. నువ్వు దినాం తెంపుకుంటనే పోతే అతికేదెప్పుడు?"

"అందరూ పెద్దవాళ్లేగా. ఎవరి ఒళ్లు వాళ్లకి తెలీదా?"

"తెల్వది" అన్నాడు. "ఆగుడు ఎవ్వరికి తెల్వది సార్. ఎత్తుడు పోరగాండ్లకు గూడ తెలుసు. ఆపనీకే ఉస్తాద్ కావాలె. ఎత్తనీకి నేనెందుకు?"

ఆ మాట ఎంత పెద్దదో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం ఒళ్లు మండింది. ఒక కాపలావాడు నాకు చెప్పేదేమిటని అనిపించింది. అనిపించింది కాబట్టి రాస్తున్నాను, దాచి ఏం లాభం? పైకి వెళ్లి మేనేజరుకి ఫిర్యాదు రాశాను. వారానికొకరోజు జిమ్ము మూసేస్తున్నాడు. ఉద్యోగుల్ని వెనక్కి పంపిస్తున్నాడు. డ్యూటీలో నిద్రపోతున్నాడు. మూడూ నిజాలే. ఒక్క అబద్ధం కూడా అవసరం లేకుండా మనిషిని ఎలా తవ్విపోయాలో ఆ రోజు నాకు బాగా చేతనైంది. ఆ ఆఫీసులో అతని పేరు కాగితం మీద వచ్చింది ఒక్కసారే, నేను రాసిన ఆ ఫిర్యాదులో. అందుకే ఇక్కడ అతని పేరు రాయడం లేదు. నా చేత్తో ఆ పేరు ఒకసారి రాసింది చాలు.

మేనేజరు ఆ మూడు రోజుల కసి తీర్చుకున్నాడు. వారం తిరక్కుండా ఉస్తాద్‌ని మానిపించారు. తలుపుకి కార్డు గీస్తే తెరుచుకునే యంత్రం పెట్టారు. అది ఎవర్నీ ఏమీ అడగదు. వెళ్లేరోజు ఉస్తాద్ తాళంచెవి రిసెప్షన్‌లో ఇచ్చి, సైకిల్ దగ్గర ఓబులేసుని పట్టుకుని మిగిలిన శెనగలు వాడి దోసిట్లో పోశాడు. "జుమ్మేరాత్ మరువకు బేటా" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూసి మామూలుగానే సలాం చేశాడు. రాసింది నేనని అతనికి తెలుసో లేదో.

పందెం మొదలయ్యాక మొదటి గురువారమే ఓబులేసు మొండికేశాడు.

"నేను రాను పోబ్బా. ఉస్తాద్ చెప్పినాడు కదా."

"నువ్వొక్కడివి ఆగితే ఎనిమిదిమందికి సున్నా పడుతుంది. నీ మూలాన టీమంతా తల వంచుకోవాలా?" అన్నాను. మెత్తనివాడు. ఇంకొకరికి నష్టమంటే తట్టుకోలేడు. వచ్చాడు. తర్వాతి గురువారం వచ్చాడు, ఆ తర్వాతదీ వచ్చాడు. రెండు నెలలకి వాడి కళ్ల కింద నల్లగా దిగింది. పెరిగిన చేతులు మళ్లీ సన్నబడ్డాయి. ఎక్కువ చేస్తున్నా తగ్గిపోతున్నానేమిటని వాడే ఆశ్చర్యపోయాడు. అడగడానికి ఉస్తాద్ లేడు. నన్నడిగితే, ఇంకొంచెం గట్టిగా చెయ్యమన్నాను.

డెబ్బై రోజులు దాటాక వాడికి జ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని మంచం మీద వణుకుతున్నాడు. నేను జ్వరం మాత్ర, నీళ్లు ఇచ్చాను. గంటకి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. "పద, పావుగంట నడిచి వచ్చేద్దాం, చుక్క పడితే చాలు" అని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. మర్నాడు కూడా అంతే, మాత్ర, చెమట, స్కూటరు. మూడోరోజు పొద్దున పరుగు యంత్రం మీద ఉన్నట్టుండి ఛాతీ పట్టుకున్నాడు. "ఊపిరాడ్డం లేదబ్బా" అన్నాడు. నేను మీట నొక్కి ఆపేలోపే పడిపోయాడు.

దవాఖానాలో డాక్టరమ్మ బయటికొచ్చి, జ్వరం గుండె కండకి పాకిందని చెప్పింది. విశ్రాంతిగా పడుకోబెట్టి ఉంటే చాలామందికి దానంతటదే తగ్గిపోతుందంది. "ఇంత జ్వరంలో ఉన్నవాణ్ణి పరిగెత్తించిందెవరయ్యా?" అని అక్కడున్న మా అందర్నీ అడిగింది. ఎనిమిదిమందిమి ఉన్నాం. ఎనిమిదిమందిమీ ఆ పందెంలో ఉన్నవాళ్లమే.

సాయంత్రం ఆఫీసుకి వెళ్లాను. లిఫ్టు పక్కన చార్టులో ఆ రోజు ఓబులేసు పేరుకి ఎదురుగా పచ్చ చుక్క ఉంది. ఆ మర్నాడూ ఉంది. వాడు ముక్కులో గొట్టంతో పడి ఉన్న పదకొండు రోజులూ వాడి పేరుకి చుక్క పడుతూనే ఉంది. వాడి కార్డు వందో రోజుదాకా ఎవరో రోజూ గీశారు. ఎవరని నేను అడగలేదు. అడిగితే ఆపాల్సి వస్తుంది కదా. మా టీము గెలిచింది. ఓబులేసు టీషర్టుని పార్సిలు కట్టి ప్రొద్దుటూరు పంపారు.

వాడు బతికాడు. ఇప్పటికీ ఉన్నాడు, ఊళ్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. పన్నెండు మెట్లున్న సొంత మేడకి ఆరో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, అప్పుడు మిగతా ఆరూ ఎక్కుతాడు. ఇరవైనాలుగేళ్ల వయసు నుంచీ అలాగే ఎక్కుతున్నాడు. "నా తప్పే లేబ్బా, నేనైనా రానని గట్టిగా చెప్పింటే సరిపోతుండె" అంటాడు ఫోనులో. వాడు తిట్టినా బాగుండును. ఇప్పుడు చెప్పండి అసోసియేషన్ వారూ, విశ్రాంతి ఎవరికి? బలహీనులకా? ఆ బోర్డు కింద మీ పిల్లలు చెవుల్లో పాటలు పెట్టుకుని పరిగెడుతున్నారు. వాళ్లని రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారని అడిగే మనిషి ఒక్కడున్నాడా ఆ జిమ్ములో?

ఇంకొక్కటి మిగిలింది. అది చెబితే నా సంజాయిషీ పూర్తవుతుంది.

ఓబులేసుని ఊరికి పంపాక నార్సింగి వెళ్లాను. కావాలనే గురువారం వెళ్లాను, ఉస్తాద్ ఒక్కడే ఉంటాడని. తాలీంలో పార పట్టుకుని మన్ను తిరగేస్తున్నాడు. గడప బయట చెప్పులు విడిచి, అక్కడే నిలబడి అంతా చెప్పాను. ఫిర్యాదు రాసింది నేనేనని కూడా చెప్పాను. దానికి తల కూడా ఎత్తలేదు. తవ్వుతూనే ఉన్నాడు. ఓబులేసు పడిపోయాడన్నప్పుడు మాత్రం పార ఆగింది.

"జొరం ఉన్నదని నీకు ఎర్కనా?"

"తెలుసండీ."

"ఎర్కుండి గూడ తీస్కపోయినవా?"

"మాత్ర ఇచ్చి తీసుకెళ్లాను."

పార మన్నులో గుచ్చి నా దగ్గరకొచ్చాడు. చాలా దగ్గరగా వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. బొటనవేలు ఎప్పటిలాగే నా కంటి దాకా లేచింది. అప్పటికి మూడువారాలుగా నాకు సరిగ్గా నిద్రలేదు. ఒక్కసారి ఆ రెప్ప లాగి, ‘పోయి పండుకో’ అని అతను తిడితే చాలు, ఇంటికి పోయి పడుకుందామని ఉంది. ఆ వేలు నా మొహం దగ్గర ఆగింది. తర్వాత కిందికి దిగింది. లుంగీకి తుడుచుకున్నాడు. ఎన్ని గంటలు పన్నవని అడగలేదు.

"ఇయ్యాల తాలీం బందు సార్" అన్నాడు.

గురువారం కదా, నిజమే కదా అనుకుని వచ్చేశాను. ఆ ఆదివారం మళ్లీ వెళ్లాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుంటలో పదిమంది పట్లు పడుతున్నారు, తొడలు చరుస్తున్నారు, మన్ను లేస్తోంది. ఉస్తాద్ గుంట అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. లేచి, ఎప్పటిలాగే సలాం చేసి, గడప దగ్గరికొచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల బందు సార్."